బెంగుళూరులో చెప్పిన మాట

శ్రీనగర్ కాలనీ,
హైదరాబాదు.
17 జూలై 1994, ఆదివారం.

మంజులతకు,

కౌసల్య నమస్కారాలు. మీ పెద్దమ్మగారికి నా పాదాభివందనాలు చెప్పు. ఇక్కడ అమ్మా, నాన్నా, నేనూ కులాసాగానే ఉన్నాం. అక్కడ నీ ఒంట్లో బాగుందనీ, బళ్లో పిల్లలు నిన్ను మరీ విసిగించడం లేదనీ తలుస్తాను. రెండేళ్ల తర్వాత రాస్తున్న ఉత్తరం కదా, పద్ధతిగా మొదలుపెట్టాలని పొద్దుటినుంచీ నాలుగు కాగితాలు చింపాను. ఇంతకంటే పద్ధతి నా వల్ల కాదు. మంజూ, నేను సెలెక్టయ్యాను! ఆర్మీలో! ఆఫీసరుగా!

నిన్న మధ్యాహ్నం రిజిస్టర్డ్ పోస్టులో కాగితం వచ్చింది. పోస్టుమాన్ సంతకం పెట్టమంటే తొందరలో నా పేరులో ఒక అక్షరం మింగేశాను. సెప్టెంబరులో మద్రాసులో ట్రెయినింగు. పెట్టెలో ఏమేం తెచ్చుకోవాలో రెండు పేజీల జాబితా పంపారు. నాన్న ఫిలింనగర్‌లో ఎడిటింగ్ రూములో ఉంటే ఫోను చేశాను. ఆయన వెంటనే రూములో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా "మా అమ్మాయి లెఫ్టినెంటు అవుతోందండీ" అని అరిచారు. ఆరు నెలల ట్రెయినింగు అయ్యాక గానీ కానని చెప్పినా వినలేదు.

ఈ సంగతి అందరికంటే ముందు నీకు చెప్పాలనిపించింది. నువ్వు కరీంనగర్‌లో ఉన్నావనీ, బళ్లో చెబుతున్నావనీ ఈ మధ్యే మన క్లాసు రాజ్యలక్ష్మి చెప్పింది. అడ్రసు కూడా ఆమే ఇచ్చింది. నువ్వు ఈ ఉత్తరం విప్పకుండా పక్కన పెట్టినా నేను అనడానికేమీ లేదు. విప్పితే మాత్రం చివరిదాకా చదువు.

జరిగింది నీకు తెలుసు. అయినా నా చేత్తో ఒకసారి రాయాలి.

తొంభై రెండులో, డిగ్రీ రెండో ఏడు. జూబ్లీహిల్స్‌లో మన కాలేజీ శ్యామలాదేవి వాళ్ల మేడ. వాళ్ల నాన్న ఔట్‌డోర్ షూటింగుకు వెళ్లినప్పుడల్లా మేం నలుగురం అక్కడ చేరేవాళ్లం. మొదట గంజాయి సిగరెట్లు, తర్వాత మాత్రలు. మూడు నెలలు. ఎందుకని అడిగితే గొప్ప కారణమేమీ లేదు. కొత్తగా ఉంటుందనుకున్నాను, అంతే. నువ్వు వచ్చింది రెండుసార్లు. మొదటిసారి నేను బలవంతపెడితే ఒక్క పీల్పు పీల్చి, కళ్లనీళ్లొచ్చేలా దగ్గి, "ఇందులో ఏముందే, కట్టెల పొయ్యి ముందు కూసున్నట్టే ఉంది" అన్నావు. రెండోసారి నన్ను ఇంటికి తీసుకుపోవడానికి వచ్చావు. నా చేతిలోంచి మాత్రల అట్ట లాక్కుని నీ బ్యాగులో వేసుకున్నావు. అప్పటికే నేను మింగినవి ఎక్కువైపోయాయి. ఆటోలో నా తల నీ ఒళ్లో పెట్టుకుని ఆసుపత్రికి తెచ్చింది నువ్వే. అడ్రసు కోసం నర్సు నీ బ్యాగు నాదనుకుని తెరిచింది. అట్ట బయటపడింది.

ఆ సాయంత్రానికే నాకు మెలకువ వచ్చింది మంజూ. ఈ సంగతి నీకు తెలియదు. అమ్మ వరండాలో నిలబడి "మా పిల్లకి ఇవన్నీ ఏం తెలుసండీ, ఆ వెంగళరావు నగర్ అమ్మాయే నేర్పింది" అనడం విన్నాను. మీ బాపు వచ్చి, మా అమ్మ ముందు చేతులు జోడించి నిలబడడం తలుపు సందులోంచి చూశాను. ఒక్క మాట అంటే అయిపోయేది. కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

వారం తిరక్కుండా నీకు మన కాలేజీ పోయింది, ఎన్.సి.సి. పోయింది. కవాతులో మనందరికీ ముందు నడిచేదానివి నువ్వు. ఆర్మీలో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారన్న ప్రకటన పేపర్లోంచి కత్తిరించి నాకు తెచ్చి చూపించింది కూడా నువ్వే. నాకు మాత్రం నాన్న పరపతితో కేసు షీటు మీద "ఆహారం పడలేదు" అని రాయించారు. పరీక్షలు అక్టోబరులో రాశాను. ఆ మాత్రల జోలికి మాత్రం మళ్లీ పోలేదు. ధైర్యం వచ్చి కాదు, నన్ను చూస్తే నాకే అసహ్యం వేసి.

ఈ ఏడు మేలో బెంగుళూరు నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. బయల్దేరే ముందు వారం రోజులు అమ్మ నాకు రిహార్సల్సు చేయించింది. పరీక్షలు ఎందుకు ఆలస్యంగా రాశావని అడిగితే ఏం చెప్పాలి? పెళ్లి భోజనం పడలేదు. ఆసుపత్రిలో చేరావా? చేరాను, ఒక్కరోజు. నాన్న కూడా "ఆ ముక్క కత్తిరించేశాం కదమ్మా, ఇక ఎవరూ చూడరు" అన్నారు. నేనూ ఒప్పుకున్నాను. రైల్లో కాచిగూడ నుంచి బెంగుళూరుదాకా ఆ జవాబు ఇంగ్లీషులో వల్లించుకుంటూ పోయాను.

మంజూ, ఆ అయిదు రోజులు ఎలా చెప్పను! ఛాతీ మీద పద్నాలుగో నంబరు కట్టారు. ఆ ఊళ్లో ఉన్నంతసేపూ నాకు పేరు లేదు, పద్నాలుగే. ఎనిమిదిమందిమి కలిసి ఒక తాడు, రెండు పలకలు, ఒక డ్రమ్ముతో గుంట దాటాలి. పంజాబీ అమ్మాయి ఒకతి పలక మీద సగం దూరంలో బిగుసుకుపోతే నేను వెనక్కి వెళ్లి, వచ్చీరాని హిందీలో కబుర్లు చెబుతూ చెయ్యి పట్టుకుని దాటించాను. కింద పడి మోకాలు చీరుకుపోయింది. నొప్పి తెలియలేదు, నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ ఈ ఒళ్లు దేనికి పనికొస్తుందో నాకు తెలియలేదనిపించింది. ఈ పని నాకు కావాలి అని మొట్టమొదటిసారి గట్టిగా అనుకున్నాను.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. మర్నాడు కల్నల్‌గారితో ఇంటర్వ్యూ. నెరిసిన మీసాలు, మెత్తటి గొంతు. నాన్న పని గురించి, సినిమాల గురించి అడుగుతూ నవ్వించారు. తర్వాత నేను నింపిన కాగితం వైపు చూసి, పరీక్షలు అక్టోబరులో ఎందుకు రాశావన్నారు. జవాబు నాలుక మీదే ఉంది. నోరు తెరిచాను. పలక మీద ఆ పంజాబీ అమ్మాయి నన్ను ఎంత నమ్మి అడుగు వేసిందో గుర్తొచ్చింది. నేను మాత్రలు మింగి ఆసుపత్రి పాలయ్యాను సార్ అన్నాను.

ఆయన ముఖంలో ఏ మార్పూ లేదు. ఏం మాత్రలు, ఎన్నాళ్లు, చివరిసారి ఎప్పుడు అని వరసగా అడిగారు. అన్నీ చెప్పాను. ఎవరు అలవాటు చేశారన్నారు. "ఎవరూ లేరు సార్. తెచ్చింది నేనే, నా స్నేహితురాలికి ఇచ్చింది నేనే. పట్టుబడింది మాత్రం ఆమె. నేను తెలిసీ ఊరుకున్నాను" అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టారు. ఆమె ఇప్పుడెక్కడుంది అన్నారు. తెలియదన్నాను. ఆ గదిలో నేను చెప్పినవాటిలో నాకు బాగా సిగ్గనిపించిన మాట అదే.

"రేపు నీ కింద ముప్ఫైమంది పనిచేస్తారు. నువ్వు చేసిన తప్పు వాళ్లలో ఒకరి మీద పడితే ఏం చేస్తావు?" అని అడిగారు. "ఒకసారి కళ్లు మూసుకున్నాను సార్. అది ఎలా ఉంటుందో తెలుసు. ఇంకోసారి మూసుకోలేను" అన్నాను. సరే, వెళ్లమన్నారు. అంతే. మంచిదని గానీ చెడ్డదని గానీ ఒక్క ముక్క లేదు.

అయిపోయిందనుకున్నాను. పెట్టె సర్దేశాను. ఆఖరి రోజు మమ్మల్నందరినీ వరసగా కూర్చోబెట్టి నంబర్లు చదివారు. ఇరవై ఆరు. తొమ్మిది. తర్వాత ఆగారు. కాగితం తిప్పారు. పద్నాలుగు! నేను లేవలేదు. పంజాబీ అమ్మాయి నడుం మీద ఒక్క గుద్దు గుద్దింది, అప్పుడు లేచాను. తను సెలెక్టు కాలేదు మంజూ, అయినా నన్ను పట్టుకుని గెంతింది.

తర్వాత మిలటరీ ఆసుపత్రిలో వైద్యపరీక్ష. అక్కడి ఫారంలోనూ, ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా, ఎందుకు అని ఉంది. ఈసారి వల్లించుకోవాల్సిన పని లేకపోయింది, ఉన్నది రాశాను. డాక్టరమ్మ, ఆవిడా మేజరే, కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, మిగతావాళ్లని పంపించేసి నన్ను మాత్రం ఇంకో మూడు రోజులు ఉంచేశారు. రక్తం, మూత్రం, గుండె, మెదడు, ఏదీ వదల్లేదు. మనసు డాక్టరు ఒక పూటంతా కూర్చోబెట్టి ప్రశ్నలు వేశారు. ఆ మూడు రోజులూ అన్నం సయించలేదు. చివరికి కాగితం మీద "ఫిట్" అని రాసి సంతకం పెడుతూ, ఇది రాయకపోతే మాకు తెలిసేది కాదు, నీకు తెలియదా అన్నారావిడ. తెలుసన్నాను. సరే పొమ్మన్నారు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే నెత్తి మీద చెయ్యి పెట్టుకుని కూలబడింది. "ఎవరూ అడగలేదు కదే, నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా" అంది. నెలన్నరపాటు నాతో సరిగ్గా మాట్లాడలేదు. నిన్న కాగితం చూశాక కాలనీలో నాలుగిళ్లకు స్వీట్లు పంచి వచ్చి, వంటింట్లో స్టూలు మీద కూర్చుంది. చాలాసేపటికి, "ఆ పిల్ల ఇప్పుడెక్కడుందే?" అని అడిగింది. కరీంనగర్‌లో అన్నాను. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ లేచింది.

మంజూ, ఎవరో ఊరూ పేరూ తెలియని కల్నల్‌కు చెప్పగలిగినదాన్ని నీకెందుకు రాయలేకపోయానో నాకే అర్థం కాదు. ఆయన ఏమనుకున్నా నాకు పోయేది ఉద్యోగమే. నువ్వు ఏమనుకుంటావో తలుచుకుంటే ఇప్పటికీ కలం పక్కన పెట్టేయాలనిపిస్తోంది. నన్ను క్షమించమని అడగను. తిట్టాలనిపిస్తే తిడుతూ రాయి, ఎన్ని పేజీలైనా సరే. జవాబు రాయకపోయినా సరే. కానీ సంతోషం పట్టలేక నిన్నటినుంచి నేను మాట్లాడుతున్నది మనసులో నీతోనే. అది మాత్రం నిజం.

ఇట్లు,
నువ్వు ఆసుపత్రికి చేర్చి బతికించిన
కౌసల్య

తా.క.: ఇది రాసి, కవరు అంటించి, పోస్టు డబ్బా దాకా వెళ్లాను. డబ్బాలో వెయ్యలేదు. అక్కడే ఆటో ఎక్కి వెంగళరావు నగర్‌లో మీ ఇంటికి వెళ్లాను. మీ బాపు అరుగు మీద పేపరు చదువుతున్నారు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నారు. కవరు చింపి ఈ ఉత్తరం మొత్తం ఆయనకు చదివి వినిపించాను. నిలబడే చదివాను.

చదవడం అయ్యాక ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి అన్నారు: "అది ఆ దినమే చెప్పింది బిడ్డా. గవి నావి గావు బాపూ అని ఏడ్చుకుంట చెప్పింది. మరి ఎవరియి అంటె నోరు ఇప్పకపాయె. నేనే నమ్మకపోతి. రెండేండ్లాయె, నా బిడ్డతోని మంచిగ మాట్లాడక."

మంజూ, అప్పుడు తెలిసింది నాకు. నువ్వు నా పేరు ఒక్కసారి చెప్పి ఉంటే ఇక్కడే ఉండేదానివి.

మీ బాపు నా చేతిలోంచి కాగితాలు తీసుకుని మడత పెట్టుకున్నారు. "పోస్టుల వెయ్యకు. రేపు పొద్దుగాల బస్సుకు నేనే పోత" అన్నారు. కాబట్టి కాగితాలు వెనక్కి అడిగి, మీ అరుగు మీదే ఈ నాలుగు ముక్కలు రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. ఈ ఉత్తరం నీకు ఇచ్చింది ఆయనే. నువ్వు చదివేదాకా వాకిట్లోనే ఉంటానన్నారు. నువ్వు పిలవనిదే లోపలికి రావడానికి మొహం చెల్లదట. పిలువు.