ఎక్కడికని అడిగే పెట్టె

శంషాబాద్,
ఆదివారం సాయంత్రం.

అప్పన్న అన్నయ్యకు చెల్లెలు రత్నం నమస్కారాలు.

ఈ ఉత్తరం ఈ రోజే రాయకపోతే లాభం లేదు. నువ్వు మొదటిసారి సరంగుగా బోటు తీసుకుని వెళ్తున్నావనీ, అందులో రేడియో సెట్టు పెట్టిస్తానని ఓనరు గారు అంటే నువ్వు వద్దన్నావనీ అమ్మ రాయించిన కార్డు నిన్న అందింది. బోటు ఈ నెలాఖరుకు కదులుతుందట. అది కదిలేలోపల నీకు ఒక సంగతి చెప్పాలి. ఇది చదివి వినిపించే పోస్టు సత్యం మావయ్యకు కూడా నమస్కారాలు. మావయ్యా, దయచేసి ఆఖరిదాకా చదవండి. అన్నయ్య మధ్యలో లేచి వెళ్ళిపోతే మిగిలింది వదినకు వినిపించండి.

ముందు మీరందరూ ఎలా ఉన్నారో రాయించండి. అయ్య కళ్ళలో మందు వేళకు వేస్తున్నారా? వదినకు ఏడో నెల కదా, కాళ్ళ వాపు తగ్గిందా? బరువులు ఎత్తవద్దని చెప్పు. నేను బాగున్నాను. నా గురించి బెంగ పెట్టుకోవద్దని అమ్మతో చెప్పు. నిజంగానే బాగున్నాను.

నేను అద్దెకుండే ఇంటి యజమానురాలు యాదమ్మక్కది పాల్మాకుల. వారానికి నాలుగు రోజులైనా జొన్నరొట్టె చేసి నాకూ పెడుతుంది. "ఏంది రత్నం, గింతే తింటవా? గిట్ల తింటే గాలికి కొట్టుకపోతవ్" అంటుంది. అమ్మ పంపిన ఎండు నెత్తళ్ళు మొదటిసారి వేయించిన రోజు ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు డబ్బా ఖాళీ అయితే తనే అడుగుతోంది, "మీ ఊరికెల్లి ఇంక రాలేదా చాపలు?" అని. ఎవరైనా ఇటు వస్తే కాస్త ఎక్కువ పంపండి. ఇక్కడ ఎప్పుడో విమానాలు దిగే మైదానం కడతారని ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు. యాదమ్మక్క మాత్రం, "దిగనీ, నా జొన్నచేన్ల దిగకుంటే చాలు" అంటుంది.

ఇక్కడి గాలిలో ఉప్పు లేదన్నయ్యా. రెండేళ్ళయినా నాకు అది అలవాటు కాలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి బెంగుళూరు రోడ్డు మీద లారీల హోరు వినపడుతుంది. సగం నిద్రలో అది మన కెరటాల చప్పుడే అనుకుంటాను. అయ్య వల భుజాన వేసుకుని తలుపు తీస్తున్నాడనీ, అమ్మ చద్దన్నం మూట కడుతోందనీ అనిపిస్తుంది. కళ్ళు తెరిస్తే సున్నం రాలిన గోడ ఉంటుంది. కాసేపు అలాగే పడుకుని లేస్తాను.

మా షెడ్డు సంగతి నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మా యజమాని మూర్తి గారు పూర్వం సరుకుల ఓడల మీద రేడియో ఆఫీసరు. రేవుల్లో పాడైన సెట్లు లారీ పార్సిలులో ఇక్కడికి వస్తాయి. నేను విప్పి, ఉప్పు పట్టిన తీగలు తీసి, కొత్తవి అతికి, మళ్ళీ మాట్లాడేలా చేస్తాను. డిప్లొమా కాగితం చూసి కాదు, అయ్య లాంతరు చిన్నప్పుడు బాగుచేశానని చెబితే నవ్వి ఉద్యోగం ఇచ్చారు. బాగైన సెట్టును నీళ్ళ మీద పరీక్షించాలి కదా. అందుకని ఆదివారాలు హిమాయత్ సాగర్ గట్టుకు వెళ్తాం. అక్కడ కొందరు ఉద్యోగస్థులు కలిసి ఒక చిన్న తెరచాప పడవల క్లబ్బు పెట్టుకున్నారు. చేపల కోసం కాదు, ఊరికే సరదాకు తెరచాప ఎత్తుకుని తిరిగి వస్తారు. మొదట నాకు నవ్వొచ్చింది. తరువాత ఆ తెల్లటి చాపలు గాలికి నిండటం చూసి, మన పేట ఒడ్డున కూర్చున్నట్టే అయిపోయి, నవ్వడం మానేశాను.

ఇక అసలు సంగతి. నువ్వు సెట్టు ఎందుకు వద్దన్నావో అమ్మ కార్డులో నీ మాటలే రాయించింది. "పొరుగు బోటులో సూసినాను. ఆ పెట్టె పొద్దస్తమానం ఎక్కడున్నావు, ఎక్కడికెల్తున్నావు అనే అడుగుతాది. సంద్రం మీదకి ఎల్లీవాణ్ణి ఆ మాట అడగొచ్చేటి? ఆ పెట్టెని ఎట్టుకుని నానెల్ను." ఇది చదివితే నాకు నీ మీద కోపం రాలేదు. ఎందుకంటే మూడు ఆదివారాల కిందట నేనూ నీలాగే చేశాను.

గట్టు మీద సెట్టు దగ్గర కూర్చోవడం నా పని. నా ముందు ఒక పుస్తకం ఉంటుంది. బయలుదేరే ప్రతి పడవదీ పేరు, అందులో ఎందరు, ఎటు వెళ్తున్నారు, ఎప్పటికి వస్తారు, ఇవి అడిగి రాయాలి. నేను పేరు అడిగాను, మనుషుల్ని లెక్కపెట్టాను. ఎటు అన్న గడి దగ్గర నోరు రాలేదు. చిన్నప్పుడు అయ్య పడవ తోస్తుంటే "ఎక్కడికయ్యా?" అన్నందుకు అమ్మ నా నోటి మీద కొట్టింది, నీకు గుర్తుండే ఉంటుంది. అయ్య ఆ పూట వెనక్కి వచ్చి కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మళ్ళీ వెళ్ళాడు. ఆ దెబ్బ ఇన్నేళ్ళ తరువాత కూడా నా నోటిని మూసింది. ఆ రోజే కాదు, అన్ని ఆదివారాలూ ఆ గడి ఖాళీగానే వదిలాను. అందరూ కళ్ళ ముందే తిరుగుతారు గనుక ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు సుగుణ గారని బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరైన ఆవిడ, కూతురితో కలిసి చిన్న పడవలో వెళ్ళారు. మధ్యాహ్నం పడమటి నుంచి ఒక్కసారిగా ఈదురుగాలి లేచింది. మా సెట్టులో ఆవిడ గొంతు వినపడింది. "పడవ బోల్తా పడింది. ఇద్దరం పట్టుకుని ఉన్నాం. మేము..." అంతే. వాళ్ళ చేతి సెట్టులోకి నీళ్ళు పోయి మాట ఆగిపోయింది. ఆ తరువాత ఎంత పిలిచినా గరగర తప్ప ఏమీ లేదు.

ఆపదకు ఉంచిన మోటారు బోటు నడిపేది నర్సింగన్న. తొండుపల్లి మనిషి. పరుగున వచ్చి, "ఎటు పోయిన్రు?" అన్నాడు. నేను పుస్తకం వైపు చూశాను.

"ఏంది, గీడ ఏం రాయలే?"

"అడగలేదన్నా."

నర్సింగన్న నన్ను తిట్టలేదు. ఒక్క క్షణం నా ముఖం చూసి బోటును ఆనకట్ట వైపు తిప్పాడు, అటే ఎక్కువమంది వెళ్తారు గనుక. అక్కడ లేరు. మళ్ళీ వెనక్కి వచ్చి అవతలి గుట్టల వెనక్కి వెళ్ళాడు. వాళ్ళు అక్కడ దొరికేసరికి ముప్పావుగంట దాటింది. గాలి చొక్కాలు వేసుకున్నారు కాబట్టి తేలుతున్నారు. కూతురి అరచేయి తెగింది. సుగుణ గారి పెదవులు నల్లబడి, మాట వణికిపోతోంది. గట్టు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాక ఆవిడ నాతో నెమ్మదిగా అన్నారు, "గుట్టల వెనక్కి వెళ్తున్నామని నీతో చెప్పాలని ఆగానమ్మా. నువ్వు తల వంచుకుని రాస్తూనే ఉన్నావు. అడిగితే చెప్పేదాన్ని."

అన్నయ్యా, ఆ మాట నా గుండెలో ఎలా దిగిందో రాయలేను.

మూర్తి గారికి దాచకుండా అంతా చెప్పాను. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఆయన కాకినాడ వైపు మనిషి. పుస్తకంలో ఖాళీ గడులన్నీ తిరగేసి చూశారు. తరువాత, "మా అమ్మమ్మ కూడా అడగనిచ్చేది కాదండీ రత్నం గారూ. వచ్చే ఆదివారం మీరే కూర్చోండి" అన్నారు. నర్సింగన్న మాత్రం ఊరుకోలేదు. "బస్సెక్కితే కండక్టర్ గూడ అడుగుతడు గదా ఎక్కడికని. గప్పుడు దిగి ఇంటికి పోయి కాళ్ళు కడుక్కుంటవా?" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను. ఆ మరుసటి ఆదివారం నుంచి ఆ గడి ఖాళీగా వదలడం లేదు.

ఆ తరువాత నేను ఆలోచించింది ఇది. అమ్మ అయ్యను ఎప్పుడూ అడగలేదు, నిజమే. కానీ చూసేది. పడవ ముక్కు దీపస్తంభం కొండ వైపు తిరిగిందా, ఉప్పుటేరు వైపు తిరిగిందా, చాప ఎక్కడ మసకై కనిపించకుండా పోయింది, అన్నీ నిలబడి చూసి కానీ ఇంట్లోకి వచ్చేది కాదు. కంటితో చూసేది కనుక నోటితో అడగవలసిన పని లేకపోయింది. తెరచాప పడవకు అది సరిపోయింది. నువ్వు ఇంజను బోటు మీద ఐదేసి రోజులు వెళ్తావు. ఏ కన్ను అందుకుంటుంది? నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు మీ ఇంజను ఆగి మూడు రోజులు కొట్టుకుపోయారు. వెతకడానికి పది పడవలు సిద్ధంగా ఉండీ, ఎటు వెళ్ళాలో తెలియక సగం అటు, సగం ఇటు వెళ్ళాయి. అమ్మ ఇసుకలో కూర్చుని ఎవరినీ ఏమీ అడగకుండా ఉండిపోయింది. నువ్వు బోటులో ఉన్నావు, అది చూడలేదు. నేను చూశాను.

సెట్టు కష్టమైనది కాదు. మీట ఒత్తితే నీ మాట పోతుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. ఒత్తి పట్టుకునే ఉంటే ఏమీ వినపడదు, అందరూ మొదట చేసే తప్పు అదే. పదహారో నంబరు ఛానెల్ మీద ఉంచితే చుట్టుపక్కల బోట్లన్నీ వింటాయి. ఏరియల్ తీగను బోటు నిలువు కొయ్య కొనకు కట్టించు, ఎంత ఎత్తున ఉంటే అంత దూరం పోతుంది. మరీ లోతుకు వెళ్తే రేవుకు వినపడదు గానీ, మధ్యలో ఉన్న బోటు విని రేవుకు అందిస్తుంది. అంకెలు రానక్కరలేదు. ఎన్ని బారల నీళ్ళలో ఉన్నావో, ఏ కొండ ఎటు కనిపిస్తోందో చెప్పు చాలు. ఆ లెక్క నీకు పుట్టుకతో వచ్చింది.

చేపలున్న చోటు అందరూ వింటారనే భయం కూడా నీకు ఉంటుంది. దానికి ఒక ఉపాయం ఉంది. ఒక్కో చోటుకూ మన చుట్టాల ఇంటి పేరు పెట్టి ఓనరు గారికి, వదినకు మాత్రం చెప్పి ఉంచు. "పెద్దత్త ఇంటికి వచ్చాను" అంటే వాళ్ళకు తెలుస్తుంది, మిగతావాళ్ళకు తెలియదు. ఆపద వస్తే మాత్రం ఏదీ దాచవద్దు. బోటు పేరు, ఉన్న చోటు, ఎందరు ఉన్నారు, ఏమైంది, ఇవి ముందు చెప్పి తరువాత మిగతావి చెప్పు. మా సుగుణ గారు చోటు ఆఖరున చెబుదామనుకున్నారు.

నా చేతులతో బాగుచేసిన సెట్టు ఒకటి సిద్ధంగా ఉంది. మూర్తి గారు ఓనరు గారికి పంపడానికి ఒప్పుకున్నారు, లైసెన్సు కాగితాలు ఓనరు గారు చూసుకుంటారు. ఇరవై ఒకటిన లారీ వెళ్తుంది. నువ్వు సరేనంటేనే అందులో పెడతాను. నీకు చెప్పకుండా పంపను, నువ్వు ఇష్టం లేకుండా పెట్టించుకున్న సెట్టు మూసే ఉంటుందని నాకు తెలుసు.

అయ్యకు, అమ్మకు నా నమస్కారాలు చెప్పు. పెద్దత్తకు, వీధిలో అడిగినవాళ్ళందరికీ నేను కులాసా అని చెప్పు. పుట్టబోయే బిడ్డకు మేనత్త ముద్దులు. మీ దీవెనలు నాకు ఉండాలి. సత్యం మావయ్యా, ఇంతసేపు చదివినందుకు మీకు ఋణపడి ఉంటాను. మీ చేతనే జవాబు రాయించమని అన్నయ్యను గట్టిగా అడగండి. సరే అని ఉన్నా, వద్దు అని ఉన్నా, అన్నయ్య మాటగా ఒక కార్డు ముక్క ఇరవయ్యో తారీకు లోపల నాకు అందాలి.

ఆ కార్డు కోసం కాచుకుని ఉండే
నీ చెల్లెలు
నూకరత్నం