మల్లెదండలు వేసిన ఇళ్ళు

విలైవన్ గారికి,

బాంగ్‌ప్లోయ్ కాలువ ఒడ్డున మా సందంతా జనంతో నిండి ఉందని మీ ఆఫీసు కొత్త ఇళ్ళ లెక్క చెబుతోందట. అందుకే వంతెన కింద తలదాచుకుంటున్న కుటుంబాలకు ఊరవతల ఇళ్ళు కడతామంటున్నారు.

మీ సర్వే అమ్మాయి తలుపు తట్టనేలేదు. ప్రతి ఇంటి ముందూ స్తంభం మీది చిన్న గుడిలాంటి భూమిదేవత గూటిలో తాజా మల్లెదండ, నైవేద్యం పెట్టిన ఎర్రసోడా చూసి, "మనుషులున్నారులే" అని రాసుకుని వెళ్ళింది.

ఆ దండలు నావండీ. వరద తర్వాత ఆ ఇళ్ళవాళ్ళెవరూ తిరిగి రాలేదు. కాలువ నీళ్ళింకా కలలో ఉన్నట్టుండే వేకువన పడవలో వెళ్ళి వేసి వస్తాను. ఒక్కోసారి లోపల ఎవరో అన్నం వండుతున్న వాసన వస్తుంది. "దయ్యాలకి అద్దెకిచ్చావా ఏంటక్కా?" అని మా చెల్లెలు వెక్కిరిస్తుంది.

దేవతలు ఇళ్ళు విడిచిపోకూడదని, మనుషులున్నారని వాళ్ళను నమ్మించబోతే మీ ఆఫీసు నమ్మింది. ఖాళీ అని దిద్ది, ఆ కుటుంబాలను ఇక్కడికే పంపండి. అద్దెకివ్వమని యజమానులిచ్చిన తాళంచెవులు నా దగ్గరే ఉన్నాయి. వాళ్ళొచ్చి పొయ్యి వెలిగిస్తే, దేవతల దగ్గర నా అబద్ధం నిజమవుతుంది.