యూసుఫ్ గారి ముందు అన్న మాట

ఆదివారం, జగిత్యాల.

ఎలక్ట్రానిక్స్ చదివి మెదడు పరిశోధనలోకి వచ్చాను. పేపర్లు రాశాను, ప్రొఫెసర్నయ్యాను. నా మాటకు ఒక ఇంట్లో ఇంత బరువుంటుందని మాత్రం ఈ రోజే తెలిసింది.

కోరుట్లలో దర్జీ యూసుఫ్ గారికి పక్షవాతం వచ్చి ఏడాదైంది. మాటా లేదు, కదలికా లేదు. పరిశోధన కోసం తలకు ఎలక్ట్రోడ్లు పెట్టి మాటలు వినిపించాం. అర్థమున్న మాటలకు ఆయన మెదడు వేరుగా స్పందించింది.

"మనం మాట్లాడేది ఆయనకు అర్థమవుతున్నట్టుంది," అని భార్య జరీనాతో అన్నాను. సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నిజమా మేడం? గిట్ల పడుండే బదులు పోయినా మంచిదేనని మొన్న ఆయన ముందటనే మా అక్కతోని అన్న. గా మాట గూడ ఇన్నడా?"

నేను ఆ రికార్డింగ్‌ను మరోసారి చూశాను.

"మీరు జర బయట కూసోండ్రి," అని ఆమె తలుపు వేసుకుంది. లోపలి నుంచి చాలాసేపు ఆమె గొంతే వినిపించింది. మధ్యలో ఏడ్చింది, ఒకసారి నవ్వింది కూడా.

ఒక్క రికార్డింగ్‌ను నమ్మొద్దని విద్యార్థులకు చెప్పేది నేనే. మళ్లీ చేసినప్పుడు ఆ స్పందన రాకపోతే ఆమెకేం చెప్పాలి?

నేను బయల్దేరేసరికి జరీనా పక్కింటివాళ్లను పిలిచి, ఆయన మంచాన్ని వెనక గదిలోంచి అందరూ కూర్చుని మాట్లాడుకునే ముందు గదిలోకి మార్పిస్తోంది.