పట్టికలో కుదరని నాలుగు జంటలు

షామీర్‌పేట,
15 నవంబరు 2025

చందనా,

వచ్చే శుక్రవారం మన ల్యాబు నుంచి సుధాకర్ సార్ గొర్రెల జన్యు నివేదిక పంపేస్తారు. నువ్వు రక్తం ట్యూబులు తారుమారు చేశావని అందులో ఒక వాక్యం రాశారు. అది అబద్ధమని నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. అందుకే ఇప్పుడు రాయక తప్పదు. రెండుసార్లు ఫోన్ చేశాను, నీ గొంతు వినగానే పెట్టేశాను. ఈ ఉత్తరం తూంకుంటలో మీ గేటు దగ్గర ఇచ్చి వెళ్లిపోతాను.

ఆగస్టులో మా దొడ్డికి వచ్చిన రోజు గుర్తు చేసుకో. మందలో తల్లీపిల్లల జంటలు చూపించమని మా నాయినను అడిగావు. ఆయన వేలు చూపిస్తూ "గిది దాని బిడ్డ, గదేమో బొల్లిదాని బిడ్డ" అంటుంటే నువ్వు రాసుకున్నావు. ముప్పై జంటలు. మధ్యలో లాప్‌టాప్ తెరిచి, వెంట్రుక పెరగడానికి పనికొచ్చే ఒక జన్యువు గొర్రెలో, మేకలో, మనిషిలో కొద్దికొద్ది మార్పులతో ఎలా ఉందో వరసగా చూపించావు. "కోట్ల ఏళ్ల కింద వీటికీ మనకూ ఒకటే మూలం, బాబాయ్ గారూ" అన్నావు. నాయిన తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, "అంటే మేకలు మనకు పాలోళ్లు, దాయాదులన్నట్టు. మా తమ్ముడు పొద్దంత నములుడు గందుకేనా బిడ్డా?" అన్నాడు. అమ్మ కూడా నవ్వింది. నేను నవ్వలేదు.

నీ మీద అసూయ నాకు ఆ రోజు కొత్తగా పుట్టలేదు. మీ ఇంట్లో భోజనాల దగ్గర కూడా చదువుల మాటలే. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని ఒక్క పేజీ చదివేలోపు నువ్వు వ్యాసమంతా ముగించి టీకి లేస్తావు. అది ఓర్చుకున్నాను. మా దొడ్డిలో నీ చెప్పులకు పెంట అంటినప్పుడు నీ ముఖం వైపే చూశాను, చిట్లిస్తే బాగుండని. నువ్వు చిట్లించలేదు. కానీ నాయిన నిన్ను బిడ్డా అన్నప్పుడు ఓర్వలేకపోయాను. నేను ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లలో ఆయన ఒక్కసారే అడిగాడు, "ఏం జదువుతున్నవ్ బిడ్డా?" అని. "నీకు సమజ్ గాదులే నాయినా" అన్నాను. మళ్లీ అడగలేదు. అదంతా నువ్వు పది నిమిషాల్లో చెప్పేశావు.

తర్వాత ఫలితాలు వచ్చాయి. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే పిల్లకు వస్తుంది కదా. నాలుగు జంటల్లో తల్లిది ఒకటి, పిల్లది ఇంకొకటి. "ఇంత చదివి, ట్యూబు మీద నంబరు అంటించడం రాదా అమ్మా?" అని అందరి ముందూ సార్ అన్నారు. నువ్వు నా వైపు తిరిగి "అశ్రితా, మీ నాన్నగారు బిడ్డ అనే అన్నారు కదా? నువ్వూ విన్నావు కదా?" అని అడిగావు. "నేనప్పుడు నీళ్ల కోసం వెళ్లాను" అన్నాను.

వెళ్లలేదు. నీ పక్కనే గొర్రెపిల్లను పట్టుకుని ఉన్నాను. తల్లి చచ్చిపోయినా, పాలు లేకపోయినా పిల్లను ఇంకో గొర్రెకు అలవాటు చేస్తాం. దాని పాలు తాగిన రోజు నుంచి అది దాని బిడ్డే. మా ఇళ్లలో వేరే మాట లేదు. ఆ సంగతి నీకు తెలిసే వీలు లేదు, నాకు తెలియకపోయే వీలు లేదు. నిన్ను పంపేసి, నీ పరిశోధన పోస్టు నాకు ఇస్తామన్నప్పుడు నిజంగా సంతోషపడ్డాను.

నిన్న నాయిన అడిగాడు. "చందన వస్తలేదేంది?"

జరిగింది చెప్పాను.

"గా నాలుగు సాకినయి గదనే. నీకెర్కలేదా?"

"ఎరుకే."

"మరి జెప్పలే?"

నేను లేచి దొడ్డి తలుపు వేయబోయాను. వెనక నుంచి ఆయన, "నాకు సమజ్ గాదన్నవ్. మీ సార్‌కు గూడ సమజ్ గాదనుకున్నవా?" అన్నాడు.

ఈ ఉదయం సార్‌కు అంతా చెప్పాను. పోస్టు నాకు ఇవ్వనన్నారు, నిన్నే మళ్లీ పిలుస్తానన్నారు. ఆ మాటకు కూడా నా కడుపు మండింది. తగ్గిపోయిందని రాస్తే ఇది ఇంకో అబద్ధం అవుతుంది.

నీ మీద రాసిన వాక్యం ఎలాగూ తీసేస్తున్నారు. నువ్వు వస్తానంటే నివేదిక వచ్చే నెలకు వాయిదా వేస్తారు. రానంటే ఆ నాలుగు జంటలు తీసేసి, నీ పేరు లేకుండా శుక్రవారమే పంపేస్తారు. ఆ పిల్లల్ని కన్న గొర్రెలు నాయినకు గుర్తున్నాయి. వాటిలో రెండు ఇంకా మా మందలోనే ఉన్నాయి. చనిపోయిన రెండింటికి తోడబుట్టినవి ఉన్నాయి, తల్లి వరస డీఎన్ఏ వాటిలో దొరుకుతుంది. కొత్త పట్టికలో కన్నది, సాకింది అని రెండు గడులు గీశాను. ఈసారి నాయినను నేనే అడుగుతాను, నువ్వు రాసుకో.

నా మీద కోపం ఉంచుకునే రా. వస్తావో రావో, గురువారం, ఇరవయ్యో తారీఖు సాయంత్రంలోగా రెండు ముక్కలు రాయి.

అశ్రిత