ఉదయం గాలి, సాయంత్రం గాలి

ఏప్రిల్ 6, శనివారం

మా ఎస్‌యూవీకి కొత్త టైర్లు వేయించాం. పాతవి అరిగి అరచేతిలా నున్నగా అయిపోయాయి.

షాపులో రెండు రకాలు గోడకి ఆనించి చూపించారు. ఒకటి ముద్దలు ముద్దలుగా, మొసలి వీపులా ఉంది. ఇంకోటి సన్న గీతలది. మా ఆయన కళ్లు మొసలి మీదే ఉన్నాయి. మీరు తిరిగేది బురదలోనా, తారురోడ్డు మీదా అని షాపతను అడిగాడు. ఆఫీసుకీ ఇంటికీ అన్నారు ఈయన. అయితే గీతలవే తీసుకోండి సార్, ముద్దలవి రోడ్డంతా గుయ్యిమంటాయి, పెట్రోలు తాగేస్తాయి అన్నాడు. ఈయన నావైపు చూశారు. నేను నా చెప్పుల వైపు చూశాను. నాకూ గీతలవే నచ్చాయి. కానీ నలుగురిలో నాకు నోరు రాదు.

కారులో కూర్చున్న అత్తయ్య అద్దం దించి, ఒరేయ్, నా నడుం సంగతి కూడా ఆలోచించరా, మెత్తగా పోయేవి వెయ్యి అని కేకేశారు. దాంతో తేలిపోయింది.

మూలన ఒక టైరు పక్కభాగం నిలువునా చీలిపోయి ఉంది. గాలి తక్కువగా ఉన్నా లోడ్ వేసుకుని ఎండలో పరిగెత్తించారట. బండి పల్టీ కొట్టిందట. దాన్ని చూస్తూ ఉండిపోయాను.

ఏప్రిల్ 7

నిన్న షాపతను సైజు కోసం డ్రైవర్ తలుపు తెరిచి, దాని అంచున ఏదో చదివాడు. అదేమిటో చూడాలని అప్పటి నుంచి ఒకటే ఇది. ఇవాళ కారు తుడిచే వంకతో తలుపు తీశాను. చిన్న స్టిక్కర్. ఇద్దరు మనుషుల బొమ్మ, పక్కన 32. కింద ఐదుగురు మనుషులు, ఒక పెట్టె, ముందు చక్రాలకి 33, వెనక వాటికి 36. ఎంతమంది ఎక్కితే ఎంత గాలి ఉండాలో బొమ్మలేసి మరీ చెప్పారు! నేను చదివింది ఐదో క్లాసు. దీనికి అంత కూడా అక్కర్లేదు.

ఏప్రిల్ 9

ఆయన గాలి కొలిచే గేజ్ కొన్నారు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే, షూ కూడా విప్పకుండా, నాడి చూసే డాక్టర్‌లా నాలుగు చక్రాల దగ్గరా కూర్చుని లేచారు. నాలుగూ 36. స్టిక్కర్ మీద 32 అనుంటే షాపువాడు తెగ కొట్టేశాడు అంటూ, ఉస్సుమని గాలి తీసి 32కి దించారు. ఆ సంతోషంలో ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తిన్నారు.

ఏప్రిల్ 10, తెల్లవారాక

గేజ్ కిటికీలోనే ఉంది. ఊరికే పెట్టి చూశాను. 28! నాలుగూ అంతే. రాత్రికి రాత్రి గాలి ఏమైపోయింది? వెనక సీటు కింద కాలితో తొక్కే పంపు ఉంది. పుట్టింట్లో నాన్న సైకిలుకి గాలి కొట్టేదాన్ని నేనే. 32 వచ్చేదాకా తొక్కాను. పిక్కలు పట్టేశాయి. ఇంట్లో ఎవరూ లేవలేదు.

అదే రోజు, సాయంత్రం

ఆయన మళ్లీ చూశారు. 36. మళ్లీ తీశారు.

ఏప్రిల్ 11

మళ్లీ 28. మళ్లీ తొక్కాను.

ఏప్రిల్ 13

భోజనాల దగ్గర ఇదే గొడవ. రోజూ తీస్తున్నా రోజూ పెరుగుతోంది, ఈ టైర్లలో ఏదో ఉంది అన్నారు ఆయన. నా పొట్టా అంతేరా, ఏమీ తినకపోయినా ఉబ్బుతుంది అన్నారు మామయ్య. ఈయన షాపుకి ఫోన్ చేసి తిట్టారట. అతను నవ్వి, దానంతటది గాలి పెరిగే టైర్లయితే నాకే ఇచ్చెయ్యండి సార్, నేనే కొనుక్కుంటా అన్నాడట.

చెబుదామంటే ఏమని చెప్పను? మీకు తెలియకుండా మీ బండి ముట్టుకుంటున్నానని చెప్పనా? అయినా నేను 32 దగ్గరే ఆపుతున్నానే. సాయంత్రానికి 36 ఎలా అవుతోంది? నేను తప్పు చూడలేదు. ఆయనా తప్పు చూడలేదు. గేజ్‌కి మా ఇద్దరి మీదా కోపమేం లేదు.

ఏప్రిల్ 14, ఆదివారం

బండి కదలలేదు. నాకు కావలసిందీ అదే. పొద్దున 32 చేసి ఉంచాను. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వెళ్లి చూశాను. గోడ నీడలో ఉన్న రెండూ 32. ఎండవైపువి 34! చెయ్యి పెడితే పెనంలా కాలింది. నీడవైపువి చల్లగానే ఉన్నాయి. పొద్దుగూకాక మళ్లీ చూశాను. నాలుగూ 32.

గాలి ఎక్కడి నుంచీ రావడం లేదు. ఉన్న గాలే వేడెక్కి ఒత్తుతోంది. ఎసరు మరిగితే మూత లేచినట్టు. తిరిగొచ్చిన టైరు వేడిగా ఉంటుంది కాబట్టి 36. ఆ వేడి మీద ఆయన తీసేస్తున్నారు కాబట్టి చల్లారాక 28. సరైన లెక్క పొద్దుటిదే, బండి కదలకముందు చూసిందే.

నాకు గంతెయ్యాలనిపించింది. వేశాను కూడా. వంటింట్లో, తలుపేసుకుని.

ఏప్రిల్ 16

ఎల్లుండి ఆడపడుచుని కొత్త ఉద్యోగం ఊళ్లో దింపాలి. ఐదుగురం, తన సామాను, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రయాణం. ఈ మాయదారి టైర్లని నమ్మలేం, ఆగినచోటల్లా చూసి గాలి తీసుకుంటూ పోదాం అన్నారు ఆయన.

ఆగినచోటల్లా టైర్లు వేడిగా ఉంటాయి. ఆగినచోటల్లా తీస్తారు. నిండా లోడ్, పైన ఎండ. అక్కడ ఎవరికీ తెలియకుండా నేను పంపు తొక్కలేను. షాపు మూలన చూసిన ఆ చీలిక కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

ఏప్రిల్ 17

టీ ఇస్తూ ఏమండీ అన్నాను. ఊఁ అన్నారు. ఏం లేదు అన్నాను.

పెట్టె సర్దుతూ మళ్లీ ఏమండీ అన్నాను. ఏమిటే అన్నారు. చొక్కాలు ఎన్ని పెట్టమంటారు అన్నాను.

ఏప్రిల్ 18, బయల్దేరే ముందు

ఆయన్ని తట్టి లేపాను. చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చి గేజ్ అందించాను. పెట్టి చూశారు. 28. అయ్యో, లీకేజీ అన్నారు. లీకేజీ కాదండీ, సాయంత్రం మీరు తీస్తున్నారు, పొద్దున నేను కొడుతున్నాను అన్నాను. ఇక ఆగలేదు. ఎండ, నీడ, ఎసరు, మూత, అన్నీ చెప్పేశాను. పెళ్లయ్యాక ఆయనతో ఇంత పొడుగ్గా ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన గేజ్ జేబులో పెట్టుకున్నారు. అయితే ఆ దయ్యం నువ్వేనన్నమాట అన్నారు. పంపు లాక్కుని తనే తొక్కారు. ఐదుగురి బొమ్మ ప్రకారం ముందు 33, వెనక 36. నాలుగో చక్రానికి వచ్చేసరికి ఒగరుస్తూ, రోజూ ఇదంతా తొక్కావా అన్నారు.

నా మాట నమ్మారో లేదో తెలియదు.

అదే రోజు సాయంత్రం, చేరాక

సగం దారిలో టీ కొట్టు దగ్గర ఆగాం. ఆయన గేజ్ పెట్టారు. వెనకవి 41. మామయ్య వంగి చూసి, బాంబులా ఉందిరా, తీసెయ్ అన్నారు. ముందు ఆ గాలి తీయరా, మమ్మల్ని చంపుతావా ఏమిటి అన్నారు అత్తయ్య. ఆడపడుచు నాలుగడుగులు వెనక్కి జరిగింది. ఆయన వేలు వాల్వు మీదకి వెళ్లింది. ఉస్సు మొదలైంది.

వద్దు అన్నాను.

టీ కొట్టతను కూడా తిరిగి చూశాడు. అంత గట్టిగా అన్నానని నాకే తెలియదు. అది వేడండీ, అది చూసి ఇప్పుడు తీశారంటే లోడ్‌కి చాలదు, టైరు చీలిపోతుంది అన్నాను. ఓసి, దీనికి నోరుందే అన్నారు అత్తయ్య. ఉందమ్మా అంటూ ఆయన వాల్వు మూత బిగించారు.

అందరం మళ్లీ కారెక్కాం. ప్రతి గతుక్కీ వెనక చక్రాల చప్పుడు చెవి పెట్టి విన్నాను. నా లెక్క తప్పయితే పోయేది ఐదుగురం.

ఏప్రిల్ 19, బండి కదలకముందు

ఇద్దరమే వెళ్లాం. గేజ్ నా చేతికిచ్చి ఆయన కళ్లు మూసుకున్నారు.

ముందు 33, 33. వెనక 36. ఇంకోటి 35.

ఆ తగ్గిన ఒక్కటీ నిన్నటి ఉస్సు. ఆయనే తొక్కారు.