వంతెన మీది ముసలాయన

జూలై 6, ఆదివారం
ఈ రోజు నుంచి పట్టుదల! ఆఫీసులో నా పక్క సీటు కుర్రాడు పృథ్వీ మొన్నటిదాకా నన్ను భయ్యా అనేవాడు. నిన్న టీ దగ్గర, "ఆ గేమ్ మీ వల్ల కాదు అంకుల్, ఉమర్ హో గయీ" అన్నాడు. వయసైపోయిందట! అంకుల్! నాకు నలభై ఒకటి!

గేమ్ సంగతి. ఒక యోధుడు, అంటే నేనే, రాజ్యం దాటాలి. దారిలో రాతి వంతెన. దాని మీద ఇనుప కవచం తొడుక్కున్న ముసలి బాస్, అంటే దారి కాసే పెద్ద శత్రువు. ఒక చేతిలో లాంతరు, ఇంకో చేతిలో గొడ్డలి. వాణ్ణి ఓడిస్తేనే దారి. చాలామంది ఇక్కడే విసుగెత్తి గేమ్ మానేస్తారట.

నేను మానను. నియమాలు: గెలిచే కిటుకులు చెప్పే వీడియోలు చూడకూడదు. ఎవరి సాయమూ తీసుకోకూడదు. అరవకూడదు. నెలాఖరుకి వాడు ఖతం!

సాయంత్రం మొదటి పోరు. టీ ఇంకా పొగలు కక్కుతుండగానే చాలాసార్లు చచ్చాను. పరవాలేదు. నేర్చుకోవడమంటే ఇదే.

జూలై 7, సోమవారం
డ్యూటీకి ముందు కాసేపు. కనిపెట్టేశాను! వాడు లాంతరు పైకెత్తితే గొడ్డలి కుడివైపు నుంచి వస్తుంది. ఎడమకు దొర్లాలి!

ఎడమకు దొర్లాను. నదిలో పడ్డాను.

జూలై 9, బుధవారం
సీరియల్ టైములో టీవీ నేను ఆక్రమించుకోవడంతో అమ్మ ఇదే సీరియల్ అనుకుని కుర్చీ వేసుకుంది.

"ఎవుల్రా ఆయన?"

"శత్రువు."

"నిన్నేటి చేసేడు?"

"దారి ఇవ్వడం లేదమ్మా."

"ఆయన మానాన ఆయన నిలబడ్డాడు. నువ్వే ఎల్లి పొడుస్తన్నావు. మరి ఊరుకుంటాడేటి?"

ఆలోచిస్తుండగానే చచ్చాను.

జూలై 13, ఆదివారం
పొద్దున్నించీ వాన. మంచిదే, ఎవరూ రారు. వాడి ప్రాణం సగానికి తెచ్చాను! సగం దగ్గర వాడు లాంతరు నేలకేసి కొట్టాడు. వంతెనంతా మంటలు! ఇదెక్కడి న్యాయం!

అరిచాను. చిన్నగానే. పక్క క్వార్టర్ చంద్రమౌళి గారు గొడుగేసుకుని పరుగెత్తుకొచ్చారు. "ఏమైందమ్మా?"

"ఏం లేదండీ. మా ఆయన పోయారు, మళ్ళీ," అంది మా ఆవిడ భవిత, బట్టలు మడతపెడుతూ.

మూడో నియమానికి సవరణ: కిటికీలు మూసి అరవచ్చు.

జూలై 16, బుధవారం
ఓడిపోవడానికి నా తప్పేం లేదు. రిమోట్‌లో ఒక బటన్ గట్టిగా ఉంది. కరెంటు ఒకటే పోవడం, రావడం. ఆఫీసులో బిల్లులన్నీ కొట్టీ కొట్టీ వేళ్ళు మొద్దుబారుతున్నాయి. అన్నిటికంటే ముఖ్యం, అమ్మ వాడి పక్షం. వాడు నన్ను నరికితే, "అచ్ఛా, తగిలింది" అంటుంది. నేను నరికితే, "అయ్యో, ముసలోణ్ణి!" అంటుంది.

ఈ రోజు కొత్త ప్రశ్న. "ఆయనకి అన్నం ఎవులు తెస్తారు?"

జూలై 17, గురువారం
వీడియో చూశాను. ఒక్కటే. అందులో కిటుకులు చెప్పే కుర్రాడు మరీ వేగంగా మాట్లాడాడు కాబట్టి ఇంకొకటి. ఇది చదువుకోవడం కిందికే వస్తుంది.

లంచ్‌లో చూస్తుంటే వెనక పృథ్వీ నిలబడి ఉన్నాడు. "అచ్ఛా..." అన్నాడు. అంతే. అంకుల్ అని అనకుండానే అన్నాడు.

జూలై 19, శనివారం
ఇంకొక్క దెబ్బ! ఒక్కటే ఒక్కటి! వాడి ప్రాణం కంటికి కనబడనంత సన్నగా అయిపోయింది. తొందరలో కత్తి బటన్ అనుకుని గాయాలు మాన్పే మందు తాగే బటన్ నొక్కాను. మందు తాగుతూ చచ్చాను.

కిటికీలు తెరిచే ఉన్నాయి. చంద్రమౌళి గారు ఈసారి రాలేదు.

పృథ్వీకి ఫోన్ చేశాను.

జూలై 20, ఆదివారం
ఈ గేమ్‌లో ఆన్‌లైన్‌లో తోడు పిలుచుకోవచ్చు. పృథ్వీ వాళ్ళింట్లో కూర్చునే వచ్చి చేరాడు. "అంకుల్, ఆప్ బస్ సామ్నే ఖడే రహో. నేను వెనక నుంచి కొడతా."

నేను ఎదురుగా నిలబడ్డాను. ముసలాయన నా మీదికి వచ్చాడు. వెనక నుంచి పృథ్వీ నరికాడు. అటు తిరిగితే నేను నరికాను. ఎంతోసేపు పట్టలేదు. లాంతరు దొర్లుకుంటూ పోయి ఆరిపోయింది. టీవీ నిండా బంగారు అక్షరాల్లో విజయం!

ఎగిరి గంతేశాను. అమ్మ కదల్లేదు.

"ఇద్దరు కలిసి కొట్టేరేటి?"

"గేమే కదమ్మా."

"ఒకడు ముందు, ఒకడు ఎనక." అంది, టీవీకేసి చెయ్యి చూపిస్తూ. "లాల్‌ఖదాన్ రైలు ఫాటక్ కాడ మీ నాన్నారిని ఇలగే కొట్టేరు. నువ్వు కడుపులో ఉన్నావు. పెళ్ళి బస్సోళ్ళు. గేటు తియ్యమన్నారు. బండొస్తంది, తియ్యనన్నారు ఈయన. ఒకడు మాటల్లో పెట్టేడు. ఒకడు ఎనకనుంచి ఇనప రాడ్డుతోటి."

నాన్న గేట్‌మన్‌గా చేశారని తెలుసు. ఇది తెలియదు. మోచేతి మీది మచ్చ సైకిల్ మీంచి పడితే వచ్చిందని చెప్పేవారు.

"మరి గేటు తీశారా?"

"ఏల తీస్తారు? బండెల్లిపోయినాకే తీసేరు."

లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను వంతెన దాటాను. అవతల కోట, గుమ్మంలోనే నిధి పెట్టె. తెరవబుద్ధి కాలేదు.

జూలై 21, సోమవారం
పృథ్వీ ఆఫీసంతా చెప్పేశాడు, మేమిద్దరం ఎలా గెలిచామో. సమోసాలు నేనే తెప్పించాల్సి వచ్చింది. ఒకటి కొరికి వదిలేశాను.

సాయంత్రం అమ్మను పిలిచాను. "ఏటుందని చూడ్డానికి?" అంది, మంచం మీంచే.

వంతెన దగ్గరికి వెళ్ళి చూశాను. ఖాళీ. గాలి మాత్రం వీస్తోంది. ఎవరైనా దాటిపోవచ్చు.

జూలై 22, మంగళవారం
పాత ఆట మొత్తం చెరిపేశాను. మళ్ళీ మొదటి నుంచి! ఈసారి ఒంటరిగా, ఎదురుగా నిలబడి. వీడియోలు బంద్. చూసినవి మర్చిపోవాలి. అదేం కష్టం కాదు, చూసినప్పుడూ తలకెక్కలేదు.

"గెలిచారుగా?" అంది భవిత.

"లేదు" అన్నాను.

అమ్మకు చెప్పాను, ముసలాయన మళ్ళీ వంతెన మీదే ఉన్నాడని. నమ్మలేనట్టు చూసింది. తర్వాత కుర్చీ లాక్కుని వచ్చి కూర్చుంది. మొదటి గుమ్మం దగ్గరే ఓ బక్క కుక్క మీదపడి నన్ను చంపేసింది.

"నెమ్మదిగా ఎల్లు నానా. తొందరేటుంది?" అంది.

దసరాకల్లా వంతెన దగ్గర ఉంటాను. ఖాయం!