తార్నాకలో కనిపించిన అన్న

1969, మంగళవారం రాత్రి

ఒళ్లంతా అలసటగా ఉంది. అయినా రాయకుండా పడుకోలేను. సాయంత్రం యూనివర్సిటీ లైబ్రరీ నుంచి నడిచి వస్తుంటే తార్నాక బస్టాపులో సత్తెన్న కనిపించాడు. పోయిన నెల ప్రత్యేక తెలంగాణ ఊరేగింపు మీద జరిగిన కాల్పుల్లో చనిపోయిన మా అన్న. ఆసుపత్రిలో శవాన్ని గుర్తుపట్టింది నేనే.

నన్ను చూసి అతని మొహం పాలిపోయింది. "సుగుణా, నువ్వు బతికే ఉన్నవా?" అన్నాడు.

అతను ఉండేది ఇంకో హైదరాబాదట. అక్కడ ఆ రోజు అన్నకు జ్వరమట. ఊరేగింపుకు నేను వెళ్లానట. తూటా నాకు తగిలిందట. ఈ పొద్దున అక్కడి యూనివర్సిటీ కాలేజీ మెట్లు దిగుతూ దిగుతూ, ఎట్లనో తెలియకుండా ఈ హైదరాబాదులోకి వచ్చిపడ్డాడట.

ఇరానీ హోటల్లో చాయ్ చల్లారిపోయేదాకా ఇద్దరం ఏడ్చాం.

"ఇంటికి పోదాం పా అన్నా. అమ్మ నిన్ను ఒక్కసారి చూస్తది."

"చూస్తే మళ్ల పోనిస్తదా? గాడ అమ్మ ఒక్కతే ఉన్నది. నువ్వు పోయినంక సరిగ తింటలేదు." నా చెయ్యి పట్టుకుని, "నువ్వే నా ఎంబడి రారాదూ" అన్నాడు.

"మరి గీడ అమ్మ?"

అన్న మళ్లీ అడగలేదు. కాలేజీ దాకా తోడు వెళ్లాను. నా తల నిమిరి, పొద్దున దిగి వచ్చిన మెట్లే మళ్లీ ఎక్కాడు. సగం మెట్లు దాటాక ఇక కనిపించలేదు.

"ఇంత పొద్దువోయింది, ఏడికి పోయినవ్ బిడ్డా?" అంది అమ్మ. బస్సు దొరకలేదన్నాను. నిజం చెబితే రేపటి నుంచి ఆ మెట్ల మీదే కూర్చుంటుంది. రేపు అటు వెళ్లకుండా నేనైనా ఉండగలనో లేదో…